తాళం వేసిన టెలిఫోన్

నేను ఒక నల్ల టెలిఫోన్‌ని. అంకెల చక్రంలో వేలు పెట్టి తిప్పితే కిర్రుమంటూ వెనక్కొచ్చే పాతకాలపు రకం. ఇప్పుడు నాకు తీగ లేదు. చక్రానికి మాత్రం ఒక చిన్న తాళం ఉంది. తీగే లేని ఫోనుకు తాళం ఎందుకని నవ్వుకుంటారేమో. నవ్వండి, నా దగ్గర ఎవరైనా నవ్వి చాలాకాలమైంది.

ఫ్యాక్టరీలో పుట్టిన సంగతి నాకు పెద్దగా గుర్తులేదు. కాకినాడలో భావనారాయణగారి ఇంట్లో అడుగుపెట్టిన రోజు మాత్రం బాగా గుర్తు. ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. నాకోసం దరఖాస్తు పెట్టి ఆరేడేళ్లు ఆగారు. తెలిసినవాళ్లంతా ఎవరెవరి కాళ్లో పట్టుకుని ముందే ఫోను తెప్పించుకుంటే, ఆయన "వరస వచ్చినప్పుడే వస్తుంది లెండి" అని ఊరుకున్నారు. తీరా వచ్చాక నామీద అల్లిక గుడ్డ కప్పి, పక్కన అగరొత్తి వెలిగించారు. కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆయనా, చెల్లెలు మంగతాయారూ. తాయారుకి వయసు పెరిగింది గాని మనసు ఏడెనిమిదేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఒక మాట చెబితే మాత్రం ఉడుంపట్టే, ఇక వదలదు. ఆమె కోసమే ఆయన పెళ్లి మానుకున్నారు. "నా తర్వాత దీన్ని ఎవరు చూస్తారు?" అన్నదే ఆయన బెంగంతా. అందుకని ఫీజుల్లో మిగిలిన డబ్బుతో నెలనెలా షేర్లు కొనేవారు. ఒకసారి సబ్బుల కంపెనీ, ఇంకోసారి బ్యాంకు, టైపుమిషన్ల మీద ప్రేమకొద్దీ వాటి కంపెనీ కూడా. విజయవాడలో ఉన్న బ్రోకరు పాండురంగానికి ఆ కబురు మోసేది నేనే. కొనడమే గాని ఆయన ఏనాడూ అమ్మలేదు. "ఇది తాయారు ముసలితనానికయ్యా, ఇప్పుడు ముట్టుకోను" అనేవారు.

అప్పుడొచ్చింది ఆ పాడు సంవత్సరం. అమెరికాలో ఏదో పెద్ద బ్యాంకు కూలిందట. అక్కడెక్కడో బ్యాంకు కూలితే కాకినాడలో మనిషికి అన్నం సహించకపోవడమేమిటో నాకు అంతుపట్టలేదు. షేర్లు రోజురోజుకీ దిగజారుతుంటే పాండురంగం పొద్దస్తమానం నన్ను మోగించేవాడు.

"గురువుగారూ, నా మాట వినండి. ఉన్నకాడికి అమ్మేద్దాం. ఇంకా పడుద్దండి!"

"పడనియ్యవయ్యా. జనం సబ్బుతో స్నానం చెయ్యడం మానేశారా ఏంటి?" అని ఈయన పెట్టేసేవారు. వీధిలో వాళ్లు "ఆయన మనిషి కాదండీ బాబూ, రాయి" అని మెచ్చుకునేవారు.

రాయి కాదని నాకొక్కదానికే తెలుసు. తాయారు లేవకముందే వచ్చి నా చక్రం తిప్పేవారు. విజయవాడ నంబరంతా తిప్పి, చివరి అంకె దగ్గర వేలు ఆపేసేవారు. కాసేపుండి రిసీవరు పెట్టేసేవారు. తిండికి సరిపడా డబ్బు పోస్టాఫీసులో వేరే ఉంది, కాబట్టి షేర్లు అమ్మాల్సిన అవసరమేమీ లేదు. ఉన్నదల్లా భయం. దాన్ని చెప్పుకోడానికి ఆయనకు తోడంటూ ఎవరూ లేరు. నేనున్నాను గాని, ఒకరి మాట ఇంకొకరికి మొయ్యడమే తప్ప సొంతంగా "భయపడకండి" అని ఒక్క ముక్క అనలేను. నోరుండీ మూగదాన్నయినందుకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఒకరోజు అటక మీంచి ఈ తాళం తీశారు. ఇరుగుపొరుగు వచ్చి ఊరికే ఫోను చేసేసుకుంటారని ఫోన్లు అరుదైన రోజుల్లో జనం చక్రం తిరగకుండా ఇలాంటివి వేసేవారు. భయంతో ఫోను చేసి షేర్లు అమ్మెయ్యకుండా తనకు తనే వేసుకున్న మనిషి బహుశా ఈయనొక్కరే. తాళంచెవి నల్లతాడుకు కట్టి తాయారు మెడలో వేశారు.

"ఇది నువ్వే దాచు తాయారూ. ఎవరడిగినా ఇవ్వకు. నేనడిగినా ఇవ్వకూడదు, తెలిసిందా?"

"నువ్వడిగినా ఇవ్వను" అంది తాయారు బుద్ధిగా.

కొన్నాళ్లకి పాండురంగం మళ్లీ మోగించాడు. "సగానికి సగం పోయిందండీ. ఇక మీ ఇష్టం" అన్నాడు. ఈయన ఎప్పటిలాగే "చూద్దాంలే" అని పెట్టేశారు. కానీ పెట్టేశాక అక్కడ నిలబడలేకపోయారు.

"తాయారూ, తాళంచెవి ఇలా తే."

"ఇవ్వను."

"నీకోసమేనమ్మా! ఉన్నది కూడా పోతే నీ గతేంటి?"

"నువ్వడిగినా ఇవ్వొద్దన్నావుగా."

ఆయన అరిచారు. నేను వచ్చాక ఆ ఇంట్లో అరుపు వినడం అదే మొదలు. తాయారు బెదిరిపోయి ఏడ్చింది గాని గుప్పెట విప్పలేదు. తాడు లాగబోయిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. వీధి చివర ఫోను బూత్ ఉంది, ఆయన అక్కడికీ వెళ్లలేదు. నా బల్ల కింద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. తాయారు కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"ఏడవకు అన్నయ్యా. పోలేదులే, నా దగ్గరే ఉంది" అంది, తాళంచెవి చూపించి.

ఆయన ఏడుస్తూనే నవ్వారు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

షేర్లు మెల్లగా లేచాయి. అన్నీ కాదు, టైపుమిషన్ల కంపెనీ పడ్డది పడ్డట్టే ఉండిపోయింది. ఆ మాటకొస్తే ఆయన ఇన్‌స్టిట్యూటూ మూతపడింది. అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక నన్ను మోగించేవాళ్లు లేరు. తాళం మాత్రం ఆయన తియ్యలేదు. ఆ షేర్లలోంచే, తాయారు బతికున్నన్నాళ్లూ చూసుకునేలా ఒక ఆశ్రమంతో ఏర్పాటు చేశారు. ఆ పని ముగిసిన ఏడాదే నిద్రలో పోయారు.

తాయారు ఆశ్రమానికి వెళ్తూ ఇంట్లోంచి నన్నొక్కదాన్నే చంకనెత్తుకుని వచ్చింది. ఇక్కడ ఆమెకు వేళకి అన్నం, మందులు, గాలి వచ్చే కిటికీ ఉన్నాయి. ఆయన కోరుకున్నదంతా ఉంది. మొన్న వార్డెను కృపామణి వచ్చి, "తాళం తుప్పు పట్టింది తాయారమ్మా, తీసేద్దాం, చెవి ఇవ్వండి" అంది.

"అన్నయ్య అడిగినా ఇవ్వొద్దన్నాడు" అని తాయారు మెడలో తాడు గట్టిగా పట్టుకుంది.

సాయంత్రం కాగానే ఆమె నా రిసీవరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంటుంది. నాలో చప్పుడేమీ ఉండదు. అయినా కాసేపు విని, "పోలేదులే అన్నయ్యా, నా దగ్గరే ఉంది. ఎప్పుడడుగుతావు?" అంటుంది.

నా బతుకంతా మాటలు మోశాను. ఈ ఒక్క మాట మాత్రం చేర్చలేకపోతున్నాను.