దువ్వాడలో దిగినోడు

బెన్సన్ అంకుల్ చేతిరాత ఆయనకే అర్థం కాదు. అందుకే ఆయన పాటను తిరగరాసే పని నాకు వచ్చింది.

ఇంటర్ చదవడానికి జూన్‌లో ఉక్కునగరం వచ్చాను. నాన్న చెల్లెలు సూర్యకళ అత్త వాళ్ళ క్వార్టర్‌లో ఉంటున్నాను. మావయ్యది స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం. మా ఊరు పద్మనాభం దగ్గర. పదో తరగతి దాకా అక్కడి జిల్లా పరిషత్ బడిలోనే చదివాను. ఇక్కడ కాలేజీలో మొదటి రోజు మేడం పేరు అడిగితే లేచి నిలబడి "నాను గౌరీశ్వరి" అన్నాను. వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు. అప్పటి నుంచి నా మాటలు చాలావరకు డైరీలోకే వెళ్తున్నాయి.

సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని రాసుకుంటాను. ఒకరోజు కింది క్వార్టర్ రోజలిన్ ఆంటీ ఆరేసిన బట్టలు తీస్తూ నా భుజం మీదుగా చూసింది. నేను డైరీ మూసేలోపే "సూర్యకళా, మీ గౌరి రాత అచ్చేసినట్టుందే. మా ఆయన పాట రాయించుకోవాలి, పంపించవా" అంది. అత్త నన్ను అడగకుండానే ఒప్పేసుకుంది.

రోజలిన్ ఆంటీ భర్తే బెన్సన్ అంకుల్. ప్లాంట్‌లో ముప్ఫై ఎనిమిదేళ్ళు క్రేన్ నడిపాడు. ఈ ఆగస్టు ఆఖరికి రిటైర్ అవుతున్నాడు. వాళ్ళలో ఇలాంటప్పుడు ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూటం పెడతారు. పాస్టర్ గారు ప్రార్థన చేస్తారు, ఆ తర్వాత ఇంటాయన లేచి తన జీవితంలో జరిగింది అందరి ముందు చెప్పుకుంటాడు. దాన్ని సాక్ష్యం అంటారు. అంకుల్ తన సాక్ష్యాన్ని మాటల్లో చెప్పనన్నాడట. పాట కట్టి పాడతానన్నాడట.

నేను వెళ్ళేసరికి ఆయన వరండాలో గిటారు తీగలు బిగిస్తున్నాడు. ఒక తీగ కొత్తది, తక్కినవి తుప్పు రంగులో ఉన్నాయి.

"ఏ ఊరమ్మా మీది?"

"పద్మనాభం దగ్గర."

ఆయన చెయ్యి కాసేపు ఆగింది. "పద్మనాభం సైడు నాకూ ఒకడు తెల్సు," అని మళ్ళీ తీగ బిగించాడు.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల 'కెరటం' అనే బ్యాండ్ ఉండేదని ఆరోజే తెలిసింది. అంతా ప్లాంట్ కుర్రాళ్ళేనట. అంకుల్ గిటారు, రిచర్డ్ అనే ఆయన కీబోర్డు, ఇంకొకాయన డోలక్. సినిమా పాటలు కాదు, సొంత పాటలు పాడేవారట. వినాయక చవితికి గాజువాకలో, క్రిస్మస్‌కి చర్చి మైదానాల్లో, భీమిలి దాకా వీళ్ళ ప్రోగ్రాములేనట. మొదటి క్యాసెట్ పాన్ షాపుల్లో కూడా అమ్మారట. రిచర్డ్ గారు ఇప్పుడు మధురవాడలో కొడుకు దగ్గర ఉంటున్నారు. డోలక్ ఆయన గురించి అంకుల్ ఏమీ చెప్పలేదు.

"ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదంకుల్?" అని అడగాలనిపించింది. అడగలేదు. ఆయనే అన్నాడు. "ఏ బ్యాండోడైనా అంతేనమ్మా. ఇడిపోయాక ఒంటరిగా పాడే పాట పాత బ్యాండు మీదే ఉంటాది. పెళ్ళాం మీద ఒక్కడూ పాడడు."

"పాడితే మాత్రం ఇక్కడ ఎవరు ఇంటారులే," అంది లోపల్నుంచి ఆంటీ.

ఆయన పాట పాత షిఫ్ట్ క్యాలెండర్ల వెనక, మందుల చీటీల మీద, ముక్కలుగా ఉంది. చదవలేనిచోట ఆయనే పాడి వినిపించాడు.

*ముగ్గురం ఒకే స్కూటరు, నాలుగోది డోలక్కు*
*గాజువాక గాలంతా మా గొంతుల్లో ఉప్పు*

రాస్తుంటే నవ్వొచ్చింది. ముగ్గురూ ఒకే స్కూటరు మీద, ఒళ్ళో డోలక్ పెట్టుకుని ప్రోగ్రాముకి వెళ్ళేవారట. రెండో చరణం రాసేటప్పుడు మాత్రం నా పెన్ను ఆగిపోయింది.

*దువ్వాడలో బండెక్కాం, దేవీ, నీ జేబులో నా చీటి*
*నేను దిగాను, నువ్వు దిగలేదు, నా పాట నీతో వెళ్ళింది*

"దేవీ అంటే?" అన్నాను.

"దేవీప్రసాద్. డోలక్. ఆ పేరు కొంచెం పెద్దగా రాయమ్మా, పాడేటప్పుడు తడబడకూడదు."

తర్వాత అంకుల్ ఆ చీటి సంగతి చెప్పాడు. ప్లాంట్‌లో ఇద్దరు మాట్లాడుకుని షిఫ్టు మార్చుకోవచ్చు. దాన్ని మ్యూచువల్ అంటారు. ఇద్దరూ సంతకాలు పెట్టిన చీటి డ్యూటీ మొదలయ్యే లోపు ఫోర్‌మన్‌కి అందాలి. అందకపోతే డ్యూటీ ఎగ్గొట్టినట్టే. బ్యాండ్ నడిచిందే ఆ చీటీల మీద. పాతికేళ్ళ కిందట రెండో క్యాసెట్ రికార్డింగుకి మద్రాసు రమ్మని పిలుపొచ్చింది. దేవీప్రసాద్‌కి సెలవు దొరికింది, అంకుల్‌కి దొరకలేదు. వేరే ఆయనతో మ్యూచువల్ రాయించాడు. ఆ పొద్దున నెలలతో ఉన్న ఆంటీని పరీక్షకి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి రావడంతో చీటి దేవీప్రసాద్ చేతికిచ్చి, ఫోర్‌మన్‌కి ఇచ్చేయమన్నాడు. మధ్యాహ్నం దువ్వాడలో అందరూ రైలెక్కారు. బండి కదిలే ముందు సెక్షన్ నుంచి ఒకాయన సైకిల్ మీద వచ్చి, చీటి అందలేదు, ఫోర్‌మన్ నీ పేరు పిలుస్తున్నాడని చెప్పాడు. ప్రోగ్రాముల కోసం అప్పటికే రెండుసార్లు డ్యూటీ ఎగ్గొట్టి మెమోలు తీసుకున్నాడు. మూడోసారైతే ఉద్యోగమే పోతుంది.

"ఆడి జేబులోంచి చీటి అంచు కనబడతంది. మరిసిపోయాను బావా అన్నాడు. నాను గిటారు తీసుకుని దిగిపోయాను. నా పాట అక్కడ ఆడే పాడాడు. క్యాసెట్ వచ్చాక ఏ టీ కొట్టుకెళ్ళినా ఆడి గొంతులో నా పాటే. మళ్ళీ ఆడితో మాట్లాడలేదు. ఏడాదిలో బ్యాండు లేదు."

మా అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య పేరు దేవీప్రసాద్. మా ఊళ్ళోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటాడు. ప్లాంట్‌లో చేసి, మానేసి వచ్చి వ్యవసాయం చేస్తున్నాడు. అటక మీద గోనెసంచిలో చుట్టిన డోలక్ ఉంది. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే ఒక్కసారి కసిరాడు. అంకుల్‌కి ఇదంతా చెప్పాలి. చెప్పకుండానే కాగితాలు తీసుకుని పైకి వచ్చేశాను.

ఆదివారం కూటంలో నలభై మంది ముందు తాతయ్య పేరు దొంగ పేరులా వినబడుతుంది. ఆ పేరు పెద్ద అక్షరాలతో రాసింది నేను. అంకుల్ చెప్పింది అబద్ధం అయి ఉండాలని, లేదంటే తాతయ్య నిజంగానే మరిచిపోయి ఉండాలని డైరీలో రెండుసార్లు రాసుకున్నాను. శనివారం బస్సెక్కి ఊరు వెళ్ళాను.

తాతయ్య పొలంలో గట్టు సరిచేస్తున్నాడు. పక్కన మోటారు నడుస్తోంది. పార ఆడిస్తూ, చిన్నప్పటి నుంచి నేను వింటున్నదే, లోగొంతుకతో పాడుకుంటున్నాడు.

*దువ్వాడలో దిగినోడా, గిటారు భుజానేసినోడా*

ఇది ఎవరో ప్రయాణికుడి పాట అనుకునేదాన్ని. ఏడో తరగతిలో డైరీ మొదలుపెట్టినప్పుడు 'తాతయ్య పాట' అని మొత్తం రాసుకున్నాను కూడా. ఆ దిగినోడు బెన్సన్ అంకులేనని ఇప్పుడు గట్టు మీద నిలబడి వింటుంటే తెలిసింది.

"ఏటే, కాలేజీ నేదేటి?" అన్నాడు నన్ను చూసి.

"తాతా, బెన్సన్ గారు మా కింద ఇంట్లోనే ఉంటారు."

పార గట్టుకి ఆనించాడు. "బాగున్నాడా ఆడు?"

"రిటైర్ అవుతున్నారు. పాట రాశారు. అందులో నువ్వున్నావు."

"తిట్టినాడా?"

కాగితం ఇచ్చాను. కళ్ళజోడు ఇంటి దగ్గర ఉంది, నువ్వే సదువు అన్నాడు. చదివాను. స్కూటరు దగ్గర నవ్వాడు. రెండో చరణం అయ్యాక ఆ ఆఖరి ముక్క ఇంకోసారి చదవమన్నాడు. *నా పాట నీతో వెళ్ళింది.*

"నువ్వు మరిసిపోనావు కదా తాతా?" అన్నాను. ఊళ్ళో ఉంటే నా మాట కూడా మారిపోతుంది.

"నేదు. మరిసిపోనేదు."

మోటారు నీళ్ళు కాలువలో పడుతున్నాయి. ఆయన వాటినే చూస్తూ చెప్పాడు. "ఆ మద్రాసు పాటకి మాటలు నావి, బాణీ ఆడిది. ఎక్కడికెల్లినా బెన్సన్ పాట, బెన్సన్ పాట అనీవోరు. ఒక్కసారి నాను పాడాలనుకున్నాను. ఫోర్‌మన్ గది పది అడుగులు. ఎల్లనేదు. చీటి జేబులో ఉండిపోనాది."

నాకు ఏడుపొచ్చింది. "ఆ చరణం తీసేయమని చెప్తాను," అన్నాను.

"తియ్యొద్దు. ఆడికి జరిగింది ఆడు పాడుకుంటన్నాడు. నా పేరూ ఉండనీ. పేరు తీసీస్తే ఎవులు సేసినారో తెలీదు కదా."

"మరి నీ పాట ఆయనకి ఇవ్వనా?"

"అది పాటేటే? పని సేత్తన్నప్పుడు నోట్లో తిరిగీది." పార తీసుకుని చాలాసేపు మట్టి లాగాడు. నేను వెళ్ళబోతుంటే వెనక నుంచి అన్నాడు. "తప్పుల్లేకుండా రాయి."

ఇంటికెళ్ళి ఏడో తరగతి డైరీ వెతికి తీసుకున్నాను. సాయంత్రం బస్సుకే ఉక్కునగరం వచ్చేశాను. రెండు కాగితాలు రాశాను. ఒకటి అంకుల్ పాట, దేవీ పేరు ఆయన అడిగినంత పెద్దగా. రెండోది తాతయ్య పాట, ఆయన పలికినట్టే. పైన 'ఇది మా తాతయ్య పాట. ఆయన పేరు దేవీప్రసాద్' అని రాశాను. అది నోటితో చెప్పడం నా వల్ల కాదు.

అంకుల్ వరండాలో నిలబడి చదివాడు. నన్ను చూశాడు. మళ్ళీ చదివాడు. కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకుని, తన పాట బాణీలో తాతయ్య మాటలు మెల్లగా పలికి చూశాడు. ఎక్కడా ఒక్క అక్షరం ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. పాతికేళ్ళుగా ఇద్దరూ ఒకే బాణీ మీద ఉన్నారు. ఆయన గిటారు గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. రేపు ఆయన అసలు పాడతాడో లేదో అని భయం పట్టుకుంది.

ఆదివారం పొద్దున నీళ్ళు పట్టుకుంటుంటే కిటికీలోంచి పిలిచాడు. "గౌరీ, పేరు తీసీమన్నాడా?"

"ఉంచమన్నారు."

"చీటి సంగతి?"

"మరిచిపోలేదన్నారు."

కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. "ఈ ముక్క కోసం పాతికేళ్ళు," అన్నాడు. కోపంగా అన్నాడో ఎలా అన్నాడో నాకు తెలియలేదు.

సాయంత్రం నాలుగింటికి షామియానా కింద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు నిండాయి. పాస్టర్ గారు చాలాసేపు ప్రార్థన చేశారు. అంకుల్ గిటారు తీసుకుని లేచేసరికి నేను అత్త ఫోన్ అడిగి తాతయ్యకి కలిపాను. "మాట్లాడకు తాతా, విను," అని ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. మోటారు చప్పుడు చిన్నగా వినబడింది. కాసేపటికి అది ఆగిపోయింది.

స్కూటరు చరణానికి అందరూ నవ్వారు. రెండో చరణంలో దేవీ అని వచ్చినప్పుడు పాత ఉద్యోగులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆ దేవీయేనా?" అని వెనక ఎవరో అన్నారు. నేను ఫోన్ దించలేదు. అంకుల్ కాగితం తిప్పాడు.

"ఈ చరణం నాది కాదు. దిగనోడిది," అన్నాడు.

*దువ్వాడలో దిగినోడా, గిటారు భుజానేసినోడా*
*కిటికీకాడ కూకున్నోణ్ణి, ఎనక్కి సూడనేదు నాను*
*సూసుంటే దిగిపోదును, దిగుంటే నీకాడే ఉందును*

అంకుల్ తాతయ్య యాస ఎక్కడా మార్చలేదు. 'సూసుంటే' దగ్గర ఆగి, ఆ ముక్క మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. రోజలిన్ ఆంటీ చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

పాట అయ్యాక చప్పట్లు కొట్టాలో ఆమెన్ అనాలో ఎవరికీ తెలియలేదు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను.

"తాతా, విన్నావా?"

తాతయ్య గొంతు సవరించుకుని అన్నాడు. "మొదటి సరణంలో తాళం తప్పీసినాడు. ముందుకెల్లిపోనాడు. ఎప్పుడూ అంతే ఆడికి."

తలెత్తితే అంకుల్ నా ఎదురుగా ఉన్నాడు. "ఏటన్నాడు?"

కుర్చీల్లో వాళ్ళంతా నావైపు తిరిగారు. నేను లేచి నిలబడి, తాతయ్య ఎలా అన్నాడో అలాగే, ఒక్క మాట కూడా సర్దకుండా చెప్పాను. అందరూ నవ్వారు. కాలేజీలో విన్న నవ్వులా లేదు అది.

"డోలక్ వాయించీవోడు పద్మనాభంలో కూకుంటే తాళం ముందుకెల్లదేటి?" అన్నాడు అంకుల్. గిటారు ఆంటీ చేతికిచ్చి, చెయ్యి చాచాడు. "ఫోన్ ఇలా ఇయ్యమ్మా."

ఇచ్చాను. ఆయన గేటు వైపు నడుస్తూ "బావా" అన్నాడు. నాకు వినబడింది ఆ ఒక్క మాటే. అటు నుంచి తాతయ్య ఏమన్నాడో తెలియదు, అంకుల్ గేటు దగ్గర నిలబడి తల ఊపుతూ ఉన్నాడు.

అత్త ఫోన్‌లో ఛార్జింగ్ పన్నెండు శాతమే ఉందని గుర్తొచ్చింది. ఛార్జరు కోసం పైకి పరుగెత్తాను.