పారిపోయినవాణ్ణి మోసిన గుర్రం

నేను ఒక కంచు గుర్రాన్ని. నూరేళ్లకు పైగా ఒక పిరికివాణ్ణి వీపున మోశాను.

వాడి పేరు జనరల్ థాడియస్ క్రాన్‌ఫీల్డ్. బానిసలను వదులుకోలేక అమెరికా దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి చేసిన యుద్ధంలో వాడొక సేనాని. తన పత్తి తోటలోని బానిసలను తోలుకెళ్లి ఏటి ఒడ్డున కందకాలు తవ్వించాడు. శత్రువు కనబడగానే తాను వంతెన దాటి, వెనకనే దాన్ని తగలబెట్టించాడు. తవ్వినవాళ్లు ఇవతలే చచ్చారు. వాడు ముసలితనం దాకా బతికి, మెత్తటి పరుపు మీద జ్వరంతో పోయాడు.

తర్వాత ఊరి దొరసానులు చందాలు వేసుకుని నన్నూ వాడినీ పోత పోయించారు. గుర్రం ముందుకాళ్లు రెండూ ఎత్తి ఉంటే రౌతు యుద్ధంలో కూలాడని అక్కడి జనం నమ్మకం. పోతపనివాడు నాలుగు కాళ్లూ నేలకు ఆనించి మట్టి నమూనా చేస్తే పెద్ద దొరసాని కసిరింది.

"కాళ్లు లేపవయ్యా! మంచంలో చచ్చాడని ఊరంతా చాటుతావా?"

నా ముందుకాళ్లు లేచాయి. అబద్ధం నిలబడింది. ఏటేటా వాడి మెడలో దండలు, నా వీపున పావురాల రెట్టలు.

ఏటి ఒడ్డున చచ్చినవాళ్లలో ఒకడి మునిమనవరాలు హెస్టర్. జనరల్ దిగాలి, కరిగిపోవాలి. ఆమె బతుకంతా ఆ ఒక్క మాట మీదే ఊరి కౌన్సిల్ చుట్టూ తిరిగింది. ఆమె తల నెరిశాక కౌన్సిల్ సరేనంది. జనరల్ వంశంవాడొకడు పరుగెత్తుకొచ్చాడు.

"మ్యూజియంలో పెడదామండీ. కింద నిజం రాసిన పలక కూడా పెడదాం."

"ఇన్నేళ్లూ మీ పలకలే చదివాం బాబూ. కళ్లు పోయాయి," అంది హెస్టర్.

దించే రోజున క్రేన్ ఎంత లాగినా జనరల్ నా వీపు మీంచి ఊడిరాలేదు.

"దొర దిగనంటున్నాడు, మిస్ హెస్టర్!" అని క్రేన్‌వాడు అరిచాడు.

"ఆ రోజు వంతెన మీద ఇంత ఆలస్యం చేయలేదే!"

జనం విరగబడి నవ్వారు. వాడు ఊడాడు. మా ఇద్దరినీ లోహాలు కరిగించే కార్ఖానాకు తీసుకెళ్లి, ముందు వాణ్ణి ముక్కలు కోసి కొలిమిలో వేశారు. కడుపు నిండినట్టయింది నాకు.

అప్పుడు పనివాడొకడు నా మూతి నిమిరాడు. "గుర్రం ఏం పాపం చేసింది, మిస్ హెస్టర్? పార్కులో పెడితే పిల్లలు ఆడుకుంటారు."

భయమేసింది. ఆమె జాలిపడితే లేచిన కాళ్లతో, ఆ అబద్ధంతో నేను మిగిలిపోతాను.

హెస్టర్ నా చుట్టూ తిరిగి వచ్చి జీను మీద చెయ్యి వేసింది.

"జీను ఖాళీగా కనబడితే ఆ దొరలు ఊరుకుంటారా నాయనా? ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. కొయ్యి."

రంపం నా మెడకు ఆనింది. కొలిమి మూత లేచింది. లోపల వాడి ముఖం ఇంకా పూర్తిగా కరగలేదు. మంచిదే. నేను రావడం చూడనీ.