జలంధర్ చేతిమీద నా పళ్లు

నాకు కోపం ఎక్కువ. మా అమ్మ దగ్గర్నుంచి మా ఆయన జీవరత్నం దాకా అందరూ అనే మాటే ఇది, నేనూ కాదనను. అందుకే ఆ శుక్రవారం నేను వెళ్లాల్సిన క్లాసు పేరు చూసి మా ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. ‘కోపంగా ఉన్న రోగిని మాటలతో శాంతపరచడం’ అట. “జయా, నిన్నే రోగి కింద కూర్చోబెట్టి చూపిస్తారేమో కనుక్కో” అన్నాడు. చేతిలో ఉన్న దువ్వెన విసిరాను. తప్పుకున్నాడు.

నవ్వులాటకి బాగానే ఉంది గానీ నా ప్రాణమంతా ఆ క్లాసు మీదే ఉంది. ఖతర్‌లో నర్సు లైసెన్సు రెన్యూవల్ కావాలంటే క్లాసులకు వెళ్లాలి, పాయింట్లు కూడబెట్టాలి. కంప్యూటర్ ముందు కూర్చుని చేసేవన్నీ డ్యూటీ దిగాక కళ్లు పొడుచుకుని చేసేశాను. మనిషి వెళ్లి హాజరు వేయించుకోవాల్సింది ఒక్కటి మిగిలింది. లీవు అడిగినప్పుడల్లా క్యాంప్ మేనేజర్ మధుసూదన్ “వచ్చే నెల చూద్దాం జయకుమారిగారూ” అనేవాడు. ఆయన వచ్చే నెలలన్నీ అయిపోయి, గడువు ఆదివారానికి వచ్చి కూర్చుంది. గడువు దాటితే సూది పట్టకూడదు, కట్టు కట్టకూడదు. మా ఆయన కంపెనీ మూతపడి అప్పటికే ఏడాది. మదీనత్ ఖలీఫాలో మేముండే గదీ, మా అమ్మాయి ఫెబి స్కూలూ, ముగ్గురి వీసాలూ నా లైసెన్సు మీదే నిలబడ్డాయి.

నేను పనిచేసే క్లినిక్ అల్ వుకైర్ దాటాక ఒక లేబర్ క్యాంపులో ఉంది. వరల్డ్ కప్ చూడ్డానికి వచ్చేవాళ్లు దిగే హోటళ్లు కట్టేది ఆ క్యాంపు కుర్రాళ్లే. జుమ్మా నమాజు అయ్యాక నన్ను అల్ ముంతజాలో క్లాసు దగ్గర దించుతానని డ్రైవర్ రఫీయుద్దీన్ మాటిచ్చాడు. వ్యాను తెచ్చి హారన్ కొడుతున్నాడు. నేను తాళం చేతిలోకి తీసుకున్నాను. మెస్ వెనక నుంచి అరుపులు వినపడ్డాయి.

జగిత్యాల వైపు కుర్రాళ్లు ఆ రోజు మేకను కోయించి తెచ్చుకున్నారు. మాంసం పోగులు వేసుకుంటారు, ఎవరి పోగు వాళ్లది. తలకాయ మాత్రం ఇంటల్లుడిది. వాళ్ల ఇళ్లల్లో అదే పద్ధతి, ఇక్కడా అదే నడిపిస్తారు. జలంధర్, తిరుమల్ బావా బామ్మర్దులు. తిరుమల్ అక్కనే జలంధర్ చేసుకున్నాడు. ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటారు, ఒకే పళ్లెంలో తింటారు. ఆ రోజు పోగులు వేసేది తిరుమల్. కొత్త ఫోర్‌మన్‌ని మంచి చేసుకుందామని, అందరూ చూస్తుండగా తలకాయ తీసి ఆయన పోగులో పెట్టాడు. జలంధర్ ముందు నవ్వాడట. తర్వాత బామ్మర్ది జుట్టు పట్టుకుని మొహాన్ని గోడకేసి కొట్టాడట. తిరుమల్ నోట్లో రక్తంతో లేచి బావ గుండెల మీద తన్నాడట. కింద పడ్డ మాంసం కత్తి జలంధర్ చేతికి దొరికింది.

తిరుమల్‌ని దుప్పట్లో వేసుకుని పరుగున తెచ్చి నా బల్ల మీద పడేసి, రక్తం చూడలేక బయటికి పోయారు. కత్తి పొట్టలో పిడి దాకా దిగి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా పిడి కదులుతోంది. “రఫీ, అంబులెన్సుకి ఫోన్ కొట్టు!” అని అరిచి, ఉన్న గుడ్డలన్నీ కత్తి చుట్టూ దొంతరగా పేర్చి పట్టుకున్నాను. దిగిన కత్తిని బయటికి లాగకూడదు. కత్తి తీస్తే రక్తం కట్టలు తెంచుకుంటుంది, మనిషి అక్కడికక్కడే పోతాడు.

జలంధర్ తలుపు తన్నుకుని వచ్చాడు. మోచేతుల దాకా రక్తం. అందులో మేకదెంతో మనిషిదెంతో తెలియడం లేదు.

“కత్తి తియ్యుండ్రి! ఇనుము కడుపుల ఉంటె ఇసమెక్కుతది! నా బామ్మర్ది సచ్చిపోతడు!”

“ముట్టుకున్నావంటే నిన్ను చంపేస్తాను” అన్నాను.

వినలేదు. పొడిచింది వాడే, బతికించుకోవాలని ఏడుస్తున్నదీ వాడే. ఒక్క ఉదుటున వచ్చి పిడి మీద చెయ్యి వేశాడు. తిరుమల్ వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పక్కనున్న స్టీలు ట్రే తీసి జలంధర్ మొహం మీద కొట్టాను. ముక్కు చితికింది. వాడు నన్ను ఎత్తి మందుల అలమరాకి విసిరాడు. అద్దం పగిలి వీపులో దిగింది. పెదవి చీలింది. లేచేసరికి మళ్లీ వాడి చెయ్యి పిడి మీదుంది. ఈసారి ట్రే లేదు, ఏమీ లేదు. ఆ చేతిమీదకి వంగి, వేళ్ల కణుపుల దగ్గర కొరికాను. వాడు రెండో చేత్తో నా తల మీద గుద్దాడు. వదల్లేదు. చెవి మీద గుద్దాడు. వదల్లేదు. నా పళ్లకి ఎముక తగిలింది. పిడి వదిలి వాడు గొంతు చించుకున్నాక, రఫీ, ఇంకో నలుగురూ వచ్చి వాణ్ని నేలకేసి అదిమి మీద కూర్చున్నారు.

నా జీవితంలో ఒక మనిషిని అంతలా కొట్టింది లేదు. అప్పుడు నాకు సిగ్గు కూడా వేయలేదు, ఇంకా కొట్టాలనిపించింది.

అంబులెన్సు వచ్చింది. కత్తి చుట్టూ నేను మళ్లీ పట్టుకున్న గుడ్డలు కదపొద్దన్నారు వాళ్లు, నన్నూ ఎక్కమన్నారు. రఫీ వెనకాలే పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, మీ క్లాస్ ఎట్లమ్మా?”

“మట్టిలో కలవనీ నా క్లాసు” అన్నాను.

అనడం అయితే అన్నాను. దారిలో క్లాసు మొదలయ్యే వేళ దాటిపోతుంటే ఏడుపు ఆగలేదు. తిరుమల్ కోసం ఏడ్చానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ అబద్ధం ఎందుకు, నా లైసెన్సు కోసమే ఏడ్చాను.

తిరుమల్ బతికాడు. ఆపరేషన్ బల్ల మీద కత్తి తీశారు. పోలీసులు అడిగితే, మాంసం కోస్తూ కాలు జారి కత్తి మీద పడ్డానన్నాడు. మెస్‌లో ఉన్నవాళ్లంతా అదే మాట చెప్పారు. అక్క సంసారం కదా, బావని జైలుకి పంపుతాడా మరి. నన్ను అడిగితే నేను చూడలేదన్నాను. పొడవడం నేను నిజంగానే చూడలేదు.

ఆదివారం నా లైసెన్సు పోయింది. మధుసూదన్ క్లినిక్‌కి తాళం వేయించి నన్ను పిలిచాడు.

“వచ్చే నెల ఇంకో క్లాసు ఉందట, అది చేసేస్తే రెన్యూవల్‌కి పెట్టుకోవచ్చు. అందాకా లీవు. ఒక్క విషయం జయకుమారిగారూ, ఆ రోజు మీరు వాణ్ని కొట్టారు, కొరికారు అన్న మాట బయటికి రాకూడదు. నర్సు చెయ్యి చేసుకుందని కంప్లయింటు వెళ్లిందా, రెన్యూవల్ సంగతి మర్చిపోవడమే.”

నెల రోజులు నోరు మూసుకుంటే చాలు. ఆ మాత్రం నా వల్ల కాదా అనుకున్నాను.

మందుల లెక్క అప్పజెప్పడానికి క్యాంపుకి వెళ్లిన రోజు, మూసిన క్లినిక్ మెట్ల మీద జలంధర్ కూర్చుని ఉన్నాడు. చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. దగ్గరికి వెళ్లకుండానే వాసన వచ్చింది.

“సిస్టరమ్మా, జర మందు రాయవా? చేతి ఏళ్లు ముడుసుకుంటలెవ్వు. ఇనుప సలాక పట్టస్తలేదు.”

తువ్వాలు విప్పాను. చెయ్యి రొట్టెలా ఉబ్బింది. నా పళ్లు దిగిన చోట చీము. అక్కడి నుంచి ఎర్రటి చార ఒకటి మోచేతి వైపు పాకుతోంది.

“ఇన్నాళ్లూ ఆసుపత్రికి వెళ్లలేదేంరా?”

తల దించుకున్నాడు. “ఎవలు కొరికిండ్రని అడుగుతరు గద. నీ పేరు చెప్తె నీ నౌకరి పోతదట, రఫీ భాయ్ చెప్పిండు. నువ్వు లేకుంటె మా తిరుమల్ గాడు లేడు. నేనెట్ల చెప్త?”

నా చేతిలో క్లినిక్ తాళాలు ఉన్నాయి. లోపల మందు ఉంది. లైసెన్సు లేకపోయినా ఎవరూ చూడకుండా కడిగి కట్టు కట్టి పంపేయొచ్చు. కానీ ఈ చేతికి కట్టు సరిపోదు. కోసి, లోపలిదాకా కడగాలి, లేకపోతే వేళ్లు పోతాయి. ఇనుము వంచి బతికేవాడికి వేళ్లు పోతే ఇంకేం మిగులుతుంది! భయమూ కోపమూ కలిసి వచ్చి, వాడి చెంప పగలగొట్టాను.

“చెయ్యి తీసేస్తార్రా వెధవా! నా నౌకరి సంగతి నిన్నెవడు చూడమన్నాడు? లే! నడు!”

రెండో చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్లి రఫీ వ్యానులో తోశాను.

ఆసుపత్రిలో డాక్టర్ ఖదీజా అని చిన్నపిల్ల, తువ్వాలు విప్పి మొహం చిట్లించింది. “ఏం కరిచింది?” అని హిందీలో అడిగింది.

“కుత్తా, మేడం” అని కుక్క మీదికి తోశాడు జలంధర్ గోడ వైపు చూస్తూ.

ఆమె గాయాన్ని లైటు కిందకి తిప్పి చూసింది. “ఇవి మనిషి పళ్లు. ఎవరో చెప్పకపోతే పోలీసుని పిలుస్తాను.”

పోలీసు వస్తే ఎందుకు కొరికారని అడుగుతాడు. ఆ తీగ లాగితే కత్తి దాకా వస్తుంది. జలంధర్ ఆ చెయ్యి లాక్కుని లేవబోయాడు. నా కళ్ల ముందు ఫెబి స్కూలు బ్యాగు వేసుకుని నిలబడింది.

“నేనే కొరికాను” అన్నాను. “మాటా మాటా పెరిగింది, కోపం ఆపుకోలేకపోయాను. అతని తప్పేమీ లేదు.”

“వద్దు సిస్టరమ్మా!” అని అరిచేశాడు జలంధర్.

డాక్టర్ చెయ్యి ఆగిపోయింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. “సిస్టరా? మీరు నర్సా?”

“నర్సునే. ముందు ఆ చెయ్యి కడగండమ్మా, నా పేరు తర్వాత రాసుకుందురుగాని” అన్నాను.