బాబాయ్ పారెయ్యలేని డేటాబేస్

"సైట్‌ని ఆ ఖాళీ డేటాబేస్‌కి కలిపెయ్యమ్మా, చాలు," అన్నాడు బాబాయ్, గ్యాస్ సిలిండర్ మార్చమన్నంత తేలిగ్గా.

ఇంటిల్లిపాదీ పెంకి అని పిలిచే ఆ పిల్ల అతనికేసి ఎగాదిగా చూసింది. పిల్ల అంటే పిల్లేం కాదు, ముప్పై దాటింది, వెబ్‌సైట్లు కట్టడమే తన బతుకుతెరువు. టైర్ల కొట్టు మీద రెండు గదుల్లో నడిచే ఈ చిన్న వార్తల సైట్ పెంకి మేనత్తది. వార్తలు అత్త రాస్తుంది. ప్రకటనలు ఆవిడ తమ్ముడైన ఈ బాబాయ్ చూసుకుంటాడు. సైట్ పాతబడిపోయిందని గొడవ చేసి, ఎవరో కాంట్రాక్టర్‌ని పట్టుకొచ్చి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించిందీ అతనే. ఆ మార్పిడిలో పాత డేటాబేస్ పోయిందట. అత్త రాసిన ప్రతి వార్తా ఉండేది అందులోనే. సైట్‌దేముంది, పైన కనిపించే బోర్డు.

"పోయిందంటే ఎలా పోయింది బాబాయ్? అదేమైనా జేబురుమాలా?"

"పోయిందంటే పోయింది! ఇంకాసేపట్లో అద్దకం ఫ్యాక్టరీ మేనేజరు వస్తున్నాడు. ఏడాది పొడుగునా ప్రకటనలిస్తానన్నాడు. ఆయనొచ్చేసరికి సైట్ లేవాలి, అంతే."

అద్దకం ఫ్యాక్టరీ! కాలవలోకి రంగునీళ్లు వదులుతున్నారని అత్త ఏళ్ల తరబడి రాసింది వాళ్ల గురించే. చర్మం ఊడిన చేతుల ఫోటోలు కూడా వేసింది. ఒక్కదాన్నీ తప్పని నిరూపించలేకపోయారు వాళ్లు. నోరు తెరిస్తే ఎంతటివాణ్ణయినా కడిగిపారేసే అత్త, ఇప్పుడు పక్కగదిలో కిటికీ పక్కన కూలబడి, పలకరిస్తే "ఊఁ" అంటోంది. "పోనీలేవే, ఇంక నాకు ఓపిక లేదు. మానేస్తాను," అంది పొద్దున. అత్త నోట మానేస్తాననే మాట! పెంకికి ఒళ్లు మండిపోయింది.

సైట్ సాఫ్ట్‌వేర్‌ని డేటాబేస్‌తో కలపడం బ్రహ్మవిద్యేం కాదు. సర్వర్ ఏది, డేటాబేస్ పేరేంటి, యూజర్ ఎవరు, పాస్‌వర్డ్ ఏంటి, ఇవి సెట్టింగ్స్ ఫైల్లో రాస్తే చాలు. ఒక్కటి తేడా వచ్చినా మాత్రం గుమ్మంలోనే ఆపేస్తుంది. కాంట్రాక్టర్ ఇచ్చిన పాస్‌వర్డ్ కొట్టగానే తెల్లటి పేజీ మీద కనెక్షన్ కుదరలేదని వచ్చింది.

"హోస్టింగ్ లాగిన్ ఇవ్వు బాబాయ్. సర్వర్ లోపలికెళ్లి వేరే పాస్‌వర్డ్ పెడతా."

బాబాయ్ గుమ్మం వైపు చూశాడు. గడియారం చూసుకున్నాడు. చివరికి ఇచ్చాడు.

లోపలికెళ్లి చూస్తే డేటాబేస్‌లు రెండున్నాయి. ఒకటి ఖాళీది. రెండోది నిండుగా ఉంది. తెరిచింది. అత్త వార్తలు! ఒక్కటీ చెక్కుచెదరలేదు.

ఓరి దేవుడా, పెంకికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. బాబాయ్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క వస్తువు పారేసిన పాపాన పోలేదు. ఆ ఆఫీసు బీరువా తెరిస్తే చచ్చిన మౌస్‌లు, మూతల్లేని పెన్నులు, ఏ ఫోన్‌వో తెలియని చార్జర్లు మీదపడతాయి. ఇదేంటయ్యా అంటే "ఎందుకైనా మంచిది, ఉండనీ" అంటాడు. కాంట్రాక్టర్‌తోనూ అదే మాట చెప్పుంటాడు. అక్క రాతల్ని జనానికి కనపడకుండా చెయ్యడానికి చేతులొచ్చాయి గానీ, చెరిపెయ్యడానికి రాలేదు మహానుభావుడికి.

"పోయిందన్నావ్‌గా. ఇదేంటి మరి?"

బాబాయ్ తెర చూసి తలుపు దగ్గరకి వేశాడు. "నెమ్మదిగా మాట్లాడవే. అవి కనిపిస్తే ప్రకటనలివ్వనన్నాడు. ఈ గదుల అద్దె ఎవరు కడతారు, నువ్వా? ఖాళీదానికే కలుపు. నా మాట విను."

"వినను."

"నీకు పని చెప్పింది నేను!"

"చెప్పావు, సైట్‌ని డేటాబేస్‌కి కలపమని. కలుపుతున్నా చూడు."

ముందు పాత డేటాబేస్‌కి కాపీ తీసి తన లాప్‌టాప్‌లో దాచుకుంది. తర్వాత సెట్టింగ్స్‌లో దాని పేరే రాసి, కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. పాత వార్తల్ని నా పద్ధతిలోకి మార్చుకోనా అని అడిగింది కొత్త సాఫ్ట్‌వేర్. మార్చుకోమంది. బాబాయ్ చెయ్యి కీబోర్డు మీదికి రాబోతే ఠపీమని పక్కకి తోసేసింది.

అప్పుడే తలుపు తోసుకుని మేనేజరు లోపలికొచ్చాడు. అప్పటికే సైట్ లేచింది. ఎదురుగా ఆఫీసు కంప్యూటర్ తెర మీద మొదటి వార్త అతని ఫ్యాక్టరీదే.

"ఇవి ఉండవన్నారే?" అన్నాడు బాబాయ్‌తో.

"ఉన్నాయి. ఉంటాయి కూడా," అంది పెంకి. "అత్తా! ఓసారి ఇటు రా!"

అత్త గుమ్మంలో నిలబడి తెరని చూసింది. ఆ తర్వాత తమ్ముణ్ణి చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడకి సంగతి అర్థమైపోయింది.

"ముందు ఇవి తీయించండమ్మా, తర్వాత ప్రకటనల సంగతి మాట్లాడుకుందాం," అన్నాడు మేనేజరు.

"ఏది తప్పో చూపించండి. తప్పయితే ఈ నిమిషమే క్షమాపణ వేస్తాను."

"తప్పొప్పుల సంగతి కాదమ్మా ఇక్కడ..."

"మాకు అదొక్కటే సంగతి. మీరు దయచెయ్యొచ్చు."

మేనేజరు విసురుగా మెట్లు దిగిపోయాడు. బాబాయ్ తల పట్టుకుని కూర్చున్నాడు. "ఇంకేముంది, మూసుకోవడమే."

"మూసే రోజొస్తే మూద్దాం. ఇవాళ తెరిచే ఉంది," అని అత్త కుర్చీ లాక్కుంది. "కొత్త వార్త ఎక్కడ రాయాలే ఇందులో?"

పెంకి చూపించింది. "వార్తలు దాచిపెడితే ప్రకటనలిస్తామన్న ఫ్యాక్టరీ" అని శీర్షిక కొట్టింది అత్త. టకటకా కింద వార్త మొదలుపెట్టింది.

బాబాయ్ లేచి వెనక నిలబడి చదివాడు. "దాచిందెవరని రాస్తావక్కా?"

"నా తమ్ముడని రాస్తాను."

బాబాయ్ ఇంకో కుర్చీ లాక్కుని అక్క పక్కన కూర్చున్నాడు.

"చెరపలేదని కూడా రాయక్కా," అన్నాడు.

"అదీ నిజమేగా. రాస్తాను," అంది అత్త తలెత్తకుండా.