గంట ఎవరి పొట్టేలుకు

దాచుకునే అలవాటు నాకు లేదు. నా తమ్ముడు ధనుంజయ్‌ని చూస్తే ఒళ్లు మండుతుంది. వాడి నల్ల పొట్టేలును చూస్తే ఇంకా మండుతుంది.

పాలకీడులో నా గొర్రెలూ వాడి గొర్రెలూ ఒకటే మంద. అన్నిటికంటే బలమైన పొట్టేలు మెడకే ఇత్తడి గంట కట్టాలనేది మా నాయన పెట్టిన పద్ధతి. గంట ఎవరి పొట్టేలుకుంటే వాడే మంద ముందు నడవాలి, ఎరువు కోసం రాత్రిపూట ఏ పొలంలో మందను ఆపాలో రైతుతో వాడే మాట్లాడాలి. నాయన పోయినప్పటి నుంచి గంట నా పొట్టేలుదే. రైతులు "బీరప్పా" అని పిలిచి చాయ్ పోయించిందీ నాకే.

మొన్న నీళ్ల తొట్టి దగ్గర నల్లది నా దాన్ని కుమ్మింది. నాది తలొంచుకుని పక్కకు జరిగింది. అంతే, మిగతా పొట్టేళ్లన్నీ ఇప్పుడు నల్లది తాగాకే తొట్టిలో మూతి పెడుతున్నాయి. నిన్నటిదాకా నా దాని వెనక నక్కినవే, సిగ్గులేని జాతి! మనుషులు మాత్రం తక్కువ తిన్నారా? వాడకట్టులో అప్పుడే "ధనుంజయన్నా" అని పిలుపులు మొదలయ్యాయి.

గంట విప్పి ఇమ్మని తమ్ముడు మెల్లగానే అడిగాడు. మెల్లగా అడిగినందుకే నాకు మరీ కడుపు మండింది. ప్రాణం పోయినా ఇవ్వనన్నాను. మా అమ్మ బుచ్చమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసి, మందను తోలే కర్ర అందుకుంది.

మిర్యాలగూడ వైపు కోసిన మళ్లకు మందను తోలుకుపోతున్నాం. సాగర్ కాలువ వంతెన ఎక్కగానే నల్లది నా దాన్ని దాటబోయింది. నాది ఊరుకోలేదు, నా దగ్గర పెరిగింది కదా. రెండూ వంతెన నడుమ కొమ్ములు తగిలించుకున్నాయి. మంద ఆగిపోయింది. వెనక వడ్ల లారీలు ఒకటే హారన్లు. నేను నా దాని కొమ్ములు పట్టుకున్నాను, తమ్ముడు వాడి దానివి పట్టుకున్నాడు.

"ముందుగాల నీదాన్ని జరుపు," అన్నాను.

"గంట ఇప్పు, జరుపుత," అన్నాడు.

అప్పుడు మందలోంచి చెవి తెగిన ముసలి గొర్రె ఒకటి బయటికొచ్చింది. అమ్మ సాదుకునే గొర్రె అది. మా పక్క నుంచి నింపాదిగా వంతెన దాటింది. దాని వెనక ఇంకొకటి, తర్వాత మంద మొత్తం. చివర అమ్మ. గంట వైపు ఒక్క గొర్రె కూడా చూడలేదు.

ఇన్నేళ్లూ నేను ముందు నడుస్తున్నాననే అనుకున్నాను. వెనక్కి తిరిగి ఒక్కసారి చూసుకున్నా తెలిసేది, మంద ఎవరి వెంట వస్తోందో. ఆ ముసలి గొర్రె మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. అయినా తమ్ముడికి దక్కకపోతే చాలని, ఈ గంట దానికే కడదామా అని అమ్మను కేకేసి అడిగాను.

అమ్మ ఆగలేదు. "దానికెందుకురా గంట? దాని ఎన్క రానిది మీరిద్దరే."

మంద కాలువ అవతల మలుపు తిరిగింది. నేనింకా కొమ్ములు వదల్లేదు. వాడు ముందు వదిలితే నేనూ వదులుదామని చూస్తున్నాను. వాడు నా చేతుల వైపే చూస్తున్నాడు.