కళ్ళు దిద్దిన చేప

ఎంత చలికాలమైనా పద్మ బట్టలు పెరట్లోనే ఆరేస్తుంది. మైనస్ ఇరవైలో, నూలు చీర మీద భర్త పాత స్వెట్టరొకటి తగిలించుకుని, వట్టి చేతులతో తీరిగ్గా క్లిప్పులు పెడుతుంది. తడి లుంగీ తీగ మీద పడేలోపే అట్టముక్కలా బిగుసుకుపోతుంది. ఎవరైనా అడిగితే "అలవాటైపోయింది" అంటుంది. బెజవాడ ఎండల్లో పెరిగిన మనిషి మినసోటా చలికి అలవాటు పడ్డానంటే నమ్మడమా మానడమా అన్నది వినేవాళ్ళ ఇష్టం. వీపు నడుమ, చెయ్యి అందని చోట, అప్పుడప్పుడూ దురద పెడుతుంది. చపాతీ కర్రతో గోక్కుంటుంది. అది తప్ప ఒంట్లో ఏ నలతా లేదు.

ఆవిడ భర్త విశ్వనాథం కొండపల్లి బొమ్మలు చేసే ఇంట్లో పుట్టాడు. కెమిస్ట్రీ చదివి, మినసోటాలో వాళ్ళుండే ఊరి కాగితపు మిల్లు ల్యాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఎంత చదివినా చేతి దురద పోలేదు. కొండపల్లిలో బొమ్మలకి వాడే పొణికి కర్ర అక్కడ దొరకదు కాబట్టి బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్క ముక్కలు తెచ్చుకుని చేపలు చెక్కుతాడు.

ఆ చేపలతో అక్కడ పెద్ద పనే ఉంది. ఊరి పక్క సరస్సు గడ్డకట్టగానే ఊళ్ళో సగంమంది దాని మీద కిటికీల్లేని చెక్క గదులు నిలబెడతారు. గది లోపల మంచుని బల్లంత వెడల్పున రంపంతో కోసి, ఆ కంతలోకి చూస్తూ కూర్చుంటారు. గదిలో చీకటి, కింద నీళ్ళలో వెలుతురు. దారానికి కట్టిన చెక్క చేపని దింపి ఆడిస్తుంటే, అది నిజం చేపేననుకుని పైక్ అనే పెద్ద చేప వస్తుంది. పొడుగాటి మూతి, నోటినిండా పళ్ళు, మనిషి చెయ్యంత ఒళ్ళు. అది బొమ్మ పక్కన ఆగినప్పుడు ఏడు ములుకుల బల్లెం వదలాలి. చెక్క చేపని ఊళ్ళోవాళ్ళు డికాయ్ అంటారు. విశ్వనాథం మాత్రం బొమ్మ అనే అంటాడు.

"బల్లెం ఎవడైనా వేస్తాడు. ఏ రోజుకి ఏ బొమ్మో తెలియాలి" అంటాడాయన. నీళ్ళు తేటగా ఉంటే ఆకుపచ్చ చారలది, కలకగా ఉంటే ఎరుపూ తెలుపూ, మబ్బు పట్టి మంచు మీద మంచు కురిసిన రోజున పసుపు. చేపలు బెదురుగా ఉన్నప్పుడు బెత్తెడు బొమ్మ, ఆకలి మీదున్నప్పుడు మూరెడు బొమ్మ. రేకు రెక్కల్ని ఏ మాత్రం వంచితే ఎంత గుండ్రంగా తిరుగుతుందో బాత్‌టబ్‌లో వేసి చూస్తాడు. అన్నీ అయ్యాక చిట్టచివర కళ్ళు దిద్దుతాడు. అది వాళ్ళ ఇంటి పద్ధతి.

ఆ సరస్సులో కళ్ళ సంగతి వేరు. ఎవరినైనా తలుచుకుంటూ బొమ్మకి కళ్ళు దిద్దితే, వచ్చే చేప ఆ మనిషి చూపుతో వస్తుంది. చూసి వెళ్ళిపోయిందా, ఆ మనిషి వారంలోపు ఊరొచ్చి, పలకరించి, తన దారిన వెళ్తాడు. బల్లెం పడిందా, వస్తాడు, ఇక వెళ్ళడు. ఎరలమ్మే షాపులో ఈ విషయాన్ని రేపటి మంచు ఎన్ని అంగుళాలో చెప్పుకున్నట్టే చెప్పుకుంటారు.

ఎదురింటి లొరేన్ మూడేళ్ళ కిందట కొడుకు గ్యారీ కోసం బల్లెం వేసింది. అలాస్కా పడవల మీద పనిచేసేవాడు నాలుగో రోజుకల్లా వచ్చేశాడు. ఇప్పుడు తల్లికి గిన్నెలు కడుగుతాడు, కోటు లేకుండా వాకిట్లో మంచు ఎత్తుతాడు, మిగతా పొద్దంతా కిటికీ దగ్గర కూర్చుంటాడు. సాయంత్రం ఊరి చివర వంతెన దాకా నడిచి, అక్కడ కాసేపు నిలబడి వెనక్కి వస్తాడు. ఒకసారి వంగి బూటు లేసు కట్టుకుంటుంటే మెడ కింద వరసగా ఏడు మచ్చలు కనిపించాయి పద్మకి. బుద్ధిమంతుడు, తల్లిని కనిపెట్టుకుని ఉన్నాడనుకుంది. కాస్త అసూయ కూడా పడింది.

ఎందుకంటే పద్మకి ఒక్కతే కూతురు. మైత్రికి ఇరవై ఏడేళ్ళు, కార్లో వెళ్తే రెండు రోజులు పట్టే కాపెల్‌లో ఉంటుంది, ఇంటికొచ్చి నాలుగేళ్ళయింది. ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం ఫోన్ చేసి, "అమ్మా, ఏప్రిల్‌లో లండన్ మూవ్ అవుతున్నా. జాబ్ వచ్చింది" అంది.

"వెళ్ళేలోపు ఒకసారి రావే."

"లీవ్ లేదమ్మా. నువ్వే రావచ్చు కదా? ఎప్పుడు అడిగినా రావు. నా గ్రాడ్యుయేషన్‌కి కూడా రాలేదు నువ్వు. అప్పుడు మినసోటాలోనే కదా చదివింది, త్రీ అవర్స్ డ్రైవ్!"

మైత్రి అడిగినప్పుడల్లా పద్మ వెళ్దామనుకుని సూట్‌కేస్ తీస్తుంది, రెండు చీరలు పెడుతుంది, తరవాత ఎందుకో మళ్ళీ బీరువాలో సర్దేస్తుంది. ఊరి చివర వంతెన దాటి పదిహేడేళ్ళయింది. అప్పుడు ఒక్కసారి దాటి వెళ్ళింది. పదేళ్ళ మైత్రిని వెంటబెట్టుకుని, ఈ చలీ ఈ మంచూ నా వల్ల కాదు, ఇక తిరిగి రానని భర్తకి చెప్పి, ప్లేనోలో అక్క విజయశ్రీ ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ ఉద్యోగం చూసుకుంది. పిల్లని బళ్ళో వేసింది. ఓ ఫిబ్రవరి పొద్దున్నే లేచి సామాను సర్దుకుని తిరిగొచ్చేసింది. మనసు మారిందని అక్కకి చెప్పింది. తనకి తనూ అదే చెప్పుకుంది.

ఆ ఆదివారం ఫోన్ పెట్టేసి తిన్నగా భర్త దగ్గరికెళ్ళింది. "ఏవండీ, మైత్రిని తలుచుకుని ఒక బొమ్మ చెయ్యండి."

విశ్వనాథం చేతిలో ఉలి ఆగింది. "వచ్చి చూసి వెళ్ళడానికా?"

"ఉండిపోవడానికి."

"వద్దు పద్మా. అది మంచిది కాదు."

"లొరేన్‌కి మంచే జరిగిందిగా?"

ఆయన బొమ్మలు చేశాడు, ఒకటి కాదు, రెండు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి ఎరుపూ తెలుపూ. పదిహేడేళ్ళుగా ఆవిడ ఏది అడిగినా ఆయన కాదన్నది లేదు. ఎంత మంచి మొగుడో అని పద్మ మురిసిపోయేది.

బల్లెం వేటకి ఫిబ్రవరి చివరి ఆదివారమే ఆఖరి రోజు. ఆ పొద్దున మబ్బు దట్టంగా పట్టింది. చెక్క గదిలోకి వెలుతురు దూరకుండా విశ్వనాథం బయట గోడల చుట్టూ మంచు ఎగదోస్తున్నాడు. పద్మ లోపల బొమ్మల పెట్టె ముందు పెట్టుకుని కూర్చుంది. "పై అరలో ఉన్నవాటిలోనే తీసుకో" అని ఆయన బయటినుంచి కేకేశాడు. ఆకుపచ్చ బొమ్మని దింపి చూసింది. మసక నీళ్ళలో కలిసిపోయింది. ఎరుపుదీ అంతే. ఇలాంటి రోజుకి పసుపే కావాలి. పసుపుదేదైనా ఉంటే దానికి అప్పటికప్పుడే మైత్రి కళ్ళు దిద్దించవచ్చు, రంగులు పెట్టెలోనే ఉన్నాయి. పై అర ఎత్తి పక్కన పెట్టింది.

అడుగున చేతిరుమాల్లో చుట్టిన బొమ్మ ఒకటి ఉంది. పసుపు ఒళ్ళు, మెరూన్ అంచు. ఆ ఏడు ప్లేనో బయల్దేరినప్పుడు కట్టుకున్న మంగళగిరి చీర రంగులు సరిగ్గా అవే. కళ్ళకి కాటుక, ఎడమ కంటి కింద పుట్టుమచ్చ. వీపు మీద బల్లెం ఒరుసుకుపోయినట్టు వరసగా గీతలు. రోజూ అద్దంలో చూసుకునే కళ్ళని గుర్తుపట్టడానికి ఎంతసేపు? పద్మ చెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్ళి వీపు మీద ఆ చోటుని వెతికింది. అందలేదు.

బొమ్మకి దారం కట్టి నీళ్ళలోకి దింపింది.

విశ్వనాథం తలుపు తోసుకుని లోపలికొచ్చి, కంతలోకి చూసి, ఉన్నచోటే నిలబడిపోయాడు. "పద్మా, తియ్యి దాన్ని. నీళ్ళు తగలకూడదు దానికి."

"ఏం?"

"మక్కుతో అతికించాను. చింతగింజల పిండీ రంపప్పొట్టూ. మా నాన్న నేర్పింది అదే. కొండపల్లిలో బొమ్మల్ని ఎవరు నీళ్ళలో వేస్తారు? అప్పటికి నాకు తెలీదు, చేప వెంటనే రాబట్టి నిలిచింది. ఇప్పుడది విడిపోయిందంటే నీ మీద పట్టూ విడిపోతుంది."

"ఉండనివ్వండి. దీనికి ఏ చేప వస్తుందో చూద్దాం."

"రాదు."

"ఎందుకు రాదు?"

ఆయన గోడకి ఆనుకుని జారి కూర్చున్నాడు. కింద బొమ్మ చేప గుండ్రంగా తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా కాటుక కళ్ళు పైకి చూసి వెళ్తున్నాయి.

"నీ చూపుతో వచ్చిన ఆ చేప ఇక లేదు" అన్నాడు. "నువ్వొచ్చిన రోజు వంటింట్లో గట్టు మీద పెట్టాను కదా. పులుసు పెట్టావు. ముళ్ళెక్కువని నువ్వే ఏరి మైత్రికి కలిపి పెట్టావు."

పద్మకి గుర్తుంది. బాగా కుదిరిందని రెండోసారి వేసుకుంది కూడా. వచ్చింది ఏడుపు కాదు, పదిహేడేళ్ళ కోపం.

"రమ్మని అడగొచ్చుగా" అంది. "ఒక్క ఫోన్ చెయ్యొచ్చుగా. వచ్చేదాన్నేమో."

"రానంటావని భయమేసింది."

"అందుకని పొడిచారా?"

విశ్వనాథం తల ఎత్తలేదు. "మొదటి ఏడాది సంతోషంగానే ఉన్నాను పద్మా. తరవాత నువ్వు సూట్‌కేస్ తీసినప్పుడల్లా పక్కగదిలో కూర్చుని వినేవాణ్ణి. మళ్ళీ సర్దేసేదానివి. అది వినలేక చచ్చేవాణ్ణి."

నీళ్ళలో బొమ్మ ఒక పక్కకి ఒరిగింది. ముందు ఒక రెక్క ఊడి మెల్లగా కిందికి దిగిపోయింది. తరవాత రెండోది. తోక వదులైంది. పొట్టలోని సీసం ముద్ద మక్కుతో సహా జారిపోయింది. బరువు పోయిన చెక్క పైకి తేలి పద్మ కాళ్ళ దగ్గరికొచ్చింది. వంగి తీసింది. కాటుక, మచ్చ, గీతలు, ఏవీ లేవు. నానిన కర్రముక్క, అంతే.

ముందు వేళ్ళ చివర్లు జివ్వుమన్నాయి. తరవాత చెవులు, పాదాలు. ఇదేమిటో ఆవిడకి కాసేపు అర్థం కాలేదు. వీపు నడుమ ఎప్పుడూ ఉండే దురద లేదు. పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది.

"ఏవండీ" అంది, "చలేస్తోంది."

ఆ మాటకి విశ్వనాథం ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. కాసేపటికి లేచి, తన కోటు విప్పి ఇచ్చాడు. పద్మ పుచ్చుకుని తొడుక్కుంది. పెట్టెలోంచి మైత్రి కళ్ళున్న బొమ్మలు రెండూ తీసి కోటు జేబులో వేసుకుంది. కారు తాళాల కోసం చెయ్యి చాపితే ఆయన ఏమీ అడక్కుండా ఇచ్చాడు. బల్లెం గోడకే ఆనించి ఉంది.

సూట్‌కేస్ కోసం ఇంటికి వెళ్ళలేదు. సర్దడం మొదలుపెడితే మళ్ళీ బీరువాలో పెట్టేస్తానేమోనని భయం. వంతెన దగ్గర గ్యారీ నిలబడి ఉన్నాడు, కోటు లేకుండా. పద్మ కారు నెమ్మది చేసింది. అతను చూశాడు, కోటులో ముడుచుకుని వణుకుతున్న మనిషిని. చాలాసేపు చూశాడు. తరవాత గిర్రున వెనక్కి తిరిగి, తల్లి తన బొమ్మని ఎక్కడ దాచిందో వెతకబోతున్నట్టు ఇంటివైపు పెద్ద పెద్ద అంగలు వేస్తూ వెళ్ళాడు.

వంతెన దాటడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అవతల రోడ్డు పక్కన ఆపి, కొంకర్లు పోయిన వేళ్ళతో ఫోన్ నొక్కింది.

"మైత్రీ, నువ్వు రావద్దు. నేనే వస్తున్నా."

"వాట్? అమ్మా, ఎక్కడున్నావు? నీ వాయిస్ ఏంటి అలా షేక్ అవుతోంది?"

"చలే తల్లీ. ఈ కార్లో హీటర్ ఎలా వెయ్యాలో నాకు తెలీదు. ఏ బటనో చెప్పు."