చార్జరు మీది పచ్చదీపము

ఆశ్వయుజ బహుళపక్షము. సాగరగర్భమున బుట్టిన వాయుగుండము చేత దిగంతములన్నియు ధూమ్రవర్ణ జలధరపటలావృతములై యుండ, తూర్పుగాలికి దలలూపు మడచెట్లు తమ శ్వాసమూలములను బురదనుండి జలనిమగ్నుల వ్రేళ్లవలె నాకాశమునకు జాచుచుండ, ఆటుపోటుల నడుమ దన నిజవర్ణమును గోలుపోయిన గౌతమీశాఖ యొకటి కడలిని జేరు చోట, ప్రొద్దు క్రుంకినదో లేదో తెలియనీయని సంధ్య యొకటి నీటిపయి వ్రాలుచుండెను.

ఆ పాయ ముఖద్వారమున పూర్వమెవ్వరో వలలు కట్టుటకై పాతిన తాటిగుంజలు కలవు. వలలు పోయినవి, పాతినవారు పోయిరి, గుంజలు మాత్రము పోటువేళ నీటిలో మునిగి కంటికి గానరాక నిలిచియుండును. వాని నడుమ నొక్క నావ పట్టునంత సందు మాత్రమే కలదు. మడయడవిలో పీతలు పట్టి మరలు మగవారికి దారిలో జీకటి పడినచో ఇంటివారెవ్వరైనను రేవుగట్టున నిలిచి టార్చిలైటు వెలుతురును సరిగా నా సందు మీదికి బట్టవలెను. అది యా పల్లె యాచారము.

గత సంవత్సరము వరహాలమ్మ యను ముదుసలి తన కడగొట్టు కుమారునకిట్లే వెలుగు పట్టుచుండగా టార్చిలోని బేటరీలు నీరసించి ఆ వెలుతురు పసుపువన్నెకు దిగి క్రమక్రమముగా నడుగంటెను. ఆ కుమారుడు గుంజలను దాకి మరి యింటికి రాలేదు. నాటినుండి యామె యింటిలోని బేటరీలను బిడ్డలను సాకినట్లు సాకుచుండెను. వానిని చేటలో బోసి ఎండుచేపల ప్రక్కన నెండబెట్టును. ఎండ లేనినాడు పొయ్యిగట్టున వెచ్చబెట్టును. వెచ్చదనము తగిలిన పాత బేటరీ మరికొంతసేపు వెలుగునని యా తీరమున నందరు నెరుగుదురు.

ఆమె పెద్దకోడలు ధనకుమారి. ఎనిమిదవ తరగతి సగములో బడి మాన్పింపబడి పెండ్లియై, ఏడాది నిండని కూతునకు దల్లియైన యా యిల్లాలికి భయము పుట్టుకతోడి సొత్తు. నిద్రించు పిల్ల ముక్కుకడ వ్రేలుంచి ఊపిరి యాడుచున్నదా యని చూచుకొనును. చూచుకొని, చూచినది నిజమా యని మరల జూచును. భర్త నూకరాజు పీతలకు బోయిన ప్రతి సాయంకాలమును ఆమెకు మరిది పోయిన సాయంకాలమువలెనే తోచుచుండెను. నడిమధ్య నీరసించు బేటరీల మీది నమ్మకము నశించిపోగా ఆమె యొకనాడు పిల్లను జంకనిడుకొని కాకినాడకు బోయి అంగళ్ల వీథిలో టార్చిలైట్లమ్ము ఖాదరు సాయిబు దుకాణము ముందు నిలిచెను.

"ఇయ్యి పాత బేటరీల్లాంటియ్యేనా అండీ?"

"కాదమ్మా, ఇయ్యి లిథియం. ఉన్నంతసేపూ ఒకే ఎలుగు, గుడ్డిగా అవ్వవు. అయిపోతే మటుకు ఠక్కున ఆరిపోతాయి. మళ్లీ ఎక్కించుకోవడమే. ఎన్ని వందలసార్లైనా."

"పిల్ల నోట్లో ఎట్టుకుంటేనండీ? వానలో తడిత్తే? ఎక్కిత్తా ఎక్కిత్తా నేను నిద్రోతే?"

"తల్లీ, బేటరీ కొంటున్నావా, పిల్లకి సంబంధం చూత్తున్నావా?" అని సాయిబు నవ్వెను గాని ఆమె కన్నులలోని బెదురును గాంచి మరల నవ్వలేదు. "అడిగావు కాబట్టి చెప్తున్నాను, మనసులో ఎట్టుకో. ఎండలో ఎట్టకు. పొయ్యి దగ్గిర అసలే ఎట్టకు, సెగ తగిల్తే పేల్తాయి. ఇంకోటి, ఈ చార్జరు మీద చిన్న దీపం ఉంది చూడు. ఎక్కేటప్పుడు ఎర్రగా ఉంటది, నిండితే పచ్చగా అవుద్ది. లోపల బేటరీ లేకపోయినా పచ్చగానే ఉంటది. దాన్ని చూసి మోసపోకు."

ఇంటనున్న టార్చిలు రెంటికిని ఒక్కొక్కటిగా సరిపడు జత బేటరీలను, చార్జరును గొంగునగట్టి, దారిపొడుగునను సాయిబు మాటలను మంత్రమువలె వల్లించుకొనుచు ఆమె యింటికి వచ్చెను. ఆ రాత్రి భోజనముల వేళ చార్జరును గోడకు దగిలించి ఎర్రదీపమును అత్తకును మగనికిని జూపి చెప్పనారంభించెను.

"అత్తా, ఇయ్యి పాతయ్యిలాంటియ్యి కాదంట. ఇయ్యి గానీ పేలాయంటే..."

నూకరాజు నోటికడి ముద్దను దించెను. "ఇదిగో అమ్మా, మొదలెట్టింది. మొన్న ఫేను ఊడి పిల్ల మీద పడద్దంది. నిన్న కొబ్బరిబొండం పడద్దంది. గేసు పేల్తదని మనకి ఇప్పటికీ కట్టెలపొయ్యే. ఇప్పుడు బేటరీ వొంతొచ్చింది. ఇన్ని భయాలెట్టుకుని నా మెడలో దండ ఎలా ఏసేవే నువ్వు?"

వరహాలమ్మ నవ్వెను. మొదట పెదవులు కదలెను, పిమ్మట భుజములు కదలెను, కడకు కన్నులనీరు దిరుగ చెంగుతో దుడుచుకొనుచు నవ్వెను. కడగొట్టు కొడుకు పోయిన పిదప అత్త నవ్వుటను ధనకుమారి చూచుట యదియే ప్రథమము. తన పిరికితనమునకు సిగ్గును, ఆ నవ్వును జెరుపలేని జాలియు నొక్కసారిగా గ్రమ్ముకొన, ఆమె పొయ్యి మాట చెప్పక అత్త కంచమున గూర వడ్డించెను. రేపు చెప్పుదుననుకొనెను. మరునాడు చెప్పవలసిన యగత్య మేమియు గానరాలేదు. బేటరీలు చార్జరులో నుండెను, చేట గోడకు వ్రేలాడెను, రేవున టార్చి వెలుగు ధవళదండమువలె నిలిచి గుంజల సందును బట్టపగలు చేయుచుండెను. వరహాలమ్మ ఆ వెలుగును ఎదుట బట్టుకొని "ఈ ఎలుగు పోయినేడు ఉంటేనా" అని యొకసారి మాత్రమనెను. తరువాత ఆ మాట యెత్తలేదు.

అంతలో నీ వాయుగుండము వచ్చెను. స్తంభములు కూలి కరెంటు పోయెను. సెల్ ఫోనులు చచ్చెను. రెండు బేటరీలును సాయిబు చెప్పినట్లే ఠక్కున నారిపోయెను. వాన కొంత తెరపి యిచ్చిన యుదయమున, తుపానుకు జెదరిన పీతలు బోనులలో జొచ్చియుండునని నూకరాజు నావ దీసెను.

"టార్చన్నా అట్టుకెళ్లు" అని ధనకుమారి యనెను.

"చచ్చిన టార్చి నాకెందుకే? పొద్దుండగానే వచ్చేత్తాను. నువ్వు పిల్లని చూసుకో."

పిల్లకు జ్వరము. ధనకుమారి దానిని గొంగళి చుట్టి గట్టు వెంబడి పొరుగు పల్లెలోని నర్సమ్మ యొద్దకు బోయి మందు వేయించి మరలునప్పటికి మేఘములు మరల గ్రమ్ముకొని సంధ్య యకాలమున దిగెను. నూకరాజు నావ రేవున లేదు. అప్పుడు దూరమున పల్లెలో దీపములు వెలుగుట యామె చూచెను. కరెంటు వచ్చెను! బురదలో జారుచు బరువెత్తి వాకిట నిలువగా, లోని యంధకారములో గోడ మీద చార్జరు పచ్చదీపము మరకతకణమువలె నిశ్చలముగా వెలుగుచుండెను.

ఆ పచ్చదనము ఆమె ప్రాణములను మరల లోనికి దెచ్చెను.

"అత్తా, ఎక్కించేశావా? నిండిపోయాయా? నా తల్లే, టార్చి ఇయ్యి, ఎల్తాను."

కమురుకంపు వచ్చెను. చేయి చాచి తడిమి చూడగా చార్జరులోని రెండు గుంటలును ఖాళీగా నుండెను.

వంటయింట పొయ్యిబూడిద గోడలదాక జిమ్మియుండెను. వరహాలమ్మ కుండనీళ్లలో మోచేతివరకు జేయి ముంచి నేలను గూర్చుండియుండెను.

"తడి పట్టేయనుకున్నానే. ఎండ లేదుగా. వాడొచ్చే ఏళకి కూతంతసేపైనా ఎలుగుతాయని పొయ్యిగట్టు మీదెట్టాను. బుస్సుమన్నాయే, తాచుపాములాగ. ఆ తరవాతే కరెంటొచ్చింది."

ధనకుమారి పిల్లను పొరుగింటివారి చేతికిచ్చి రేవునకు బరువెత్తెను. పల్లెవారు తమ టార్చిలతో వచ్చిరి గాని పాత బేటరీల పసుపువెలుగు వానతెరలో పది బారలు పోకముందే చచ్చెను. కిరసనాయిలున దడిపిన మట్టలను వెలిగింపగా గాలి వానిని పెరికి నీటిలో వైచెను. ఆమె గొంతు చిరుగునట్లు భర్తను బిలిచెను. ఒక్కసారి పాయ నడుమనుండి "ఎలుగెట్టే" యని బదులు వచ్చెను. పిమ్మట కొయ్య కొయ్యను దాకిన చప్పుడు వచ్చెను. దాని తరువాత వాన చప్పుడే.

తెల్లవారుజామున పోటు తీసినపుడు ఒక గుంజను గౌగిలించుకొని ప్రాణములతోనున్న నూకరాజును ఒడ్డునకు దెచ్చిరి. నావకును గుంజకును నడుమ నలిగిన కుడిపాదమును ఆసుపత్రివారు నిలుపలేకపోయిరి.

అతడు ఇంటికి వచ్చిన కొన్ని దినములకు, చేతికి గుడ్డకట్టుతో గుమ్మమున గూర్చుండి, వరహాలమ్మ కోడలిని జూడకయే యడిగెను.

"పొయ్యికాడ ఎట్టకూడదని నీకు తెలుసా కోడలా?"

"తెలుసత్తా. సాయిబు చెప్పాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

ధనకుమారి పిల్ల జుట్టు నిమురుచు, "ఆ రాత్రి నవ్వుతున్నావు కదత్తా" అనెను.

లోపల మంచము మీద నూకరాజు గోడవైపు దిరిగి పరుండి యంతయు వినెను. అది మొదలుగా నా యింట ధనకుమారి భయములకు నవ్వువారు లేరు. నిప్పు జాగ్రత్త యన్నచో నిప్పును దవ్వు జరుపుదురు. నీళ్లకడ పిల్ల యన్నచో నత్త లేచిపోయి పిల్లను దెచ్చును. ఒకనాడు నూకరాజు "ఇంకేం పేల్తదో చెప్పవే, వింటాను" అనెను. అందెగతాళి లేదు. అది లేకపోవుటయే ఆమెకు సహింపరానిదయ్యెను. ఆ యెగతాళి కొరకు దన భయములనన్నిటిని మరల నొక్కసారి చెప్పుకొందమా యని తోచెను.

చార్జరును గోడనుండి తీసినవారు లేరు. కరెంటు పోవుట లేదు గావున దాని దీపము రేయింబవళ్లు పచ్చగా వెలుగుచునే యున్నది. నిండుదనమునకును శూన్యమునకును దానికి భేదము తెలియదు. చెప్పవలసిన మాటను ప్రేమ చేతనైనను మ్రింగుకొన్న గృహము సయితము వెలుపల నుండి చూచువారికట్లే, కొరత యేమియు లేనట్లే కానబడును. సాయంకాలము రేవునకు బోవు పొరుగువారు ఆ వాకిటిముందు నడుచునపుడు, లోపలి చీకటిలో నా పచ్చనిచుక్కను జూచి, ఈ యింట దీపము పెట్టిరనుకొని సాగిపోవుదురు.